బీకాంలో ఏ బీకాం? ముందు సీఏ సంగతి తేల్చుకోండి

ఏప్రిల్ నెలాఖర్లో మా చెల్లెలి కూతురు నరసరావుపేట నుంచి ఫోన్ చేసింది. ఇంటర్ ఎంఈసీ మంచి మార్కులతో పాసైంది. "పెద్దమ్మా, బీకాం సీఏలో చేరితే సీఏ అయినట్టేనా? నాన్న అదే అంటున్నాడు" అని అడిగింది. నాకు ఒక్క క్షణం మా నాన్న గుర్తొచ్చాడు. 2009లో నన్ను డిగ్రీలో చేర్చేటప్పుడు ఆయనా అచ్చం ఇలాగే అనుకున్నాడు. ఇన్నేళ్ళయినా ఆ పొరపాటు ఇంకా ఇళ్ళల్లో అలాగే ఉంది కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

బీకాం సీఏలో సీఏ అంటే కంప్యూటర్ అప్లికేషన్స్. చార్టర్డ్ అకౌంటెన్సీకీ దానికీ ఏ సంబంధమూ లేదు. చార్టర్డ్ అకౌంటెంట్ కావాలంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా పెట్టే పరీక్షలు రాయాలి. 1949లో పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడిన సంస్థ అది, ఏ యూనివర్సిటీ కిందా లేదు. మీరు బీకాంలో ఏ గ్రూపు చదివినా ఆ పరీక్షలు వేరు, ఆ రిజిస్ట్రేషన్ వేరు, ఆ సర్టిఫికెట్ వేరు. కాలేజీ కరపత్రం మీద "బీకాం సీఏ" అని పెద్దక్షరాలతో ఉంటే, పూర్తి పేరేంటని కౌంటర్ దగ్గరే అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

జనరలా, కంప్యూటర్సా?

అసలు రెండింటికీ తేడా చాలామంది అనుకున్నంత లేదు. ఫైనాన్షియల్ అకౌంటింగ్, కార్పొరేట్ అకౌంటింగ్, కాస్ట్ అకౌంటింగ్, ఇన్‌కమ్ ట్యాక్స్, ఆడిటింగ్ లాంటి అసలు పేపర్లు రెండింట్లోనూ ఉంటాయి. కంప్యూటర్ అప్లికేషన్స్‌లో కొన్ని పేపర్ల బదులు ప్రోగ్రామింగ్, డేటాబేస్, వెబ్ డిజైనింగ్ లాంటివి వస్తాయి. సిలబస్ యూనివర్సిటీని బట్టి మారుతుంది కాబట్టి మీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఆరు సెమిస్టర్ల పేపర్ల పట్టిక దించుకుని, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పది నిమిషాల పని.

నా అభిప్రాయం అడిగితే, సీఏ గానీ సీఎంఏ (కాస్ట్ అకౌంటెన్సీ) గానీ ఎంకాం గానీ మనసులో ఉన్నవాళ్ళు జనరల్ తీసుకోవాలి. డిగ్రీ అవ్వగానే ఉద్యోగం చూసుకోవాల్సినవాళ్ళకు కంప్యూటర్స్ కొంత పనికొస్తుంది. అయితే మా ఆఫీసులో ఇంటర్వ్యూలకు నేనూ కూర్చుంటాను. జనరలా, కంప్యూటర్సా అని చూసి ఎవరినీ తీసుకున్నది లేదు, వద్దన్నదీ లేదు. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ చేయడం వచ్చా, ట్యాలీలో ఎంట్రీ ఎక్కడ వేయాలో తెలుసా, ముందు ఇవి చూస్తాం. ఈ రెండూ సెలవుల్లో బయట నేర్చుకోగలిగినవే.

బీబీఏ గురించి కూడా అడుగుతుంటారు. అందులో అకౌంటింగ్ ఉంటుంది కానీ మేనేజ్‌మెంట్, మార్కెటింగ్ పేపర్ల మధ్య ఒకటి రెండు. లెక్కలే మీ వృత్తి కావాలంటే అది మీ దారి కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీని నాలుగేళ్ళ ఆనర్స్ పద్ధతిలోకి మార్చారు. మూడేళ్ళకు ఆపేసినా మామూలు డిగ్రీ చేతికొస్తుంది. నాలుగో ఏడాది అవసరమా అన్నది ఎక్కువమందికి పెద్ద ప్రశ్న కాదు, మూడేళ్ళు చాలు. అమెరికా సీపీఏ (మన సీఏ లాంటిది) మీద దృష్టి ఉన్నవాళ్ళు మాత్రం ఆలోచించాలి. అక్కడ లైసెన్సుకు క్రెడిట్లు లెక్కేస్తారు, మన మూడేళ్ళ బీకాం ఒక్కటే సరిపోక చాలామంది ఎంకాం కలుపుకుంటుంటారు.

అసలు తేల్చుకోవాల్సింది

ఏ గ్రూపు, ఏ కాలేజీ, రెగ్యులరా దూరవిద్యా అన్న ప్రశ్నలన్నీ ఒకే ప్రశ్నకు వేలాడుతున్నాయి. సీఏ చేస్తారా చేయరా? చేస్తే ఇంటర్ అవ్వగానే మొదలుపెడతారా, డిగ్రీ పూర్తయ్యాకా? ఇది తేలితే మిగతావి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి. ఇది తేలకుండా కాలేజీ వెతకడం వల్లే నాకు తెలిసిన పిల్లలు చాలామంది రెండో ఏడాదిలో ఇరుక్కున్నారు.

ఎందుకు ఇరుక్కుంటారో నెలలు లెక్కేసి చూపిస్తాను.

ఇంటర్ అవ్వగానే సీఏ మొదలుపెడితే మొదటిది ఫౌండేషన్. నాలుగు పేపర్లు: అకౌంటింగ్, బిజినెస్ లాస్, మ్యాథ్స్-రీజనింగ్-స్టాటిస్టిక్స్ కలిపిన పేపరు, ఎకనామిక్స్. ప్రతి పేపర్లో 40, మొత్తం మీద 50 శాతం రావాలి. 2024 నుంచి ఏడాదికి మూడుసార్లు పెడుతున్నారు. సెప్టెంబరు పరీక్ష రాయాలంటే మే 1లోపు రిజిస్టర్ అవ్వాలి. అంటే ఇంటర్ ఫలితాలు వచ్చాక ఆలోచిద్దాం అనుకుంటే చేతిలో కొద్ది రోజులే ఉంటాయి. పదో తరగతి అయినవాళ్ళు కూడా ముందే రిజిస్టర్ చేసుకోవచ్చు, పరీక్ష మాత్రం ఇంటర్ అయ్యాకే.

ఫౌండేషన్ పాసైతే ఇంటర్మీడియట్‌కు రిజిస్టర్ చేసుకుని ఎనిమిది నెలలు చదవాలి. మన ఇంటర్ కాదు, సీఏ ఇంటర్. రెండు గ్రూపులు, ఒక్కో గ్రూపులో మూడు పేపర్లు. రెండు గ్రూపులూ పాసయ్యాకే ఆర్టికల్‌షిప్, అంటే ఆడిటర్ దగ్గర శిక్షణ. అది ముందు మూడేళ్ళుండేది, 2023లో వచ్చిన కొత్త స్కీమ్‌తో రెండేళ్ళయింది. ఆర్టికల్‌షిప్ అయ్యాక ఆరు నెలలాగి ఫైనల్ రాయాలి. ఏ పేపరూ పోకుండా వెళ్తే ఇంటర్ అయిన నాలుగేళ్ళకు ఫైనల్ రాసే దశకు వస్తారు.

ఇప్పుడు దీన్ని డిగ్రీ మీద పెట్టి చూడండి. డిగ్రీ మొదటి ఏడాదిలో ఫౌండేషన్, ఆ వెంటనే సీఏ ఇంటర్ చదువు. రెండో ఏడాది మధ్యలో, అన్నీ అనుకున్నట్టు జరిగితే, ఆర్టికల్‌షిప్ మొదలు. ఆర్టికల్స్ అంటే ఆడిటర్ ఆఫీసులో వారానికి 35 గంటల పని. కాలేజీలో 75 శాతం హాజరు ఉండాలి, ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్ళకు అది మరీ ముఖ్యం. ఈ రెండూ ఒకే పగటిపూట కుదరవు. ఆర్టికల్స్ చేస్తూ డిగ్రీ చదవాలంటే ఫారం 112 పెట్టి ఇన్‌స్టిట్యూట్ అనుమతి తీసుకోవాలి, కాలేజీ వేళలు ఆఫీసు వేళలకు అడ్డు రాకూడదు. అంటే ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు దూరవిద్య బీకామే నిజాయితీ గల సమాధానం. కాలేజీవాళ్ళు "అటెండెన్స్ మేం చూసుకుంటాంలే" అంటారు. వేరే చోట జీతం పుస్తకంలో సంతకం పెడుతూ ఇక్కడ క్లాసులో ఉన్నట్టు రాయించుకోవడంతో అకౌంటెంట్ జీవితం మొదలుపెట్టొద్దు.

రెండో దారి డైరెక్ట్ ఎంట్రీ. కామర్స్ డిగ్రీలో 55 శాతం తెచ్చుకుంటే ఫౌండేషన్ అక్కర్లేదు, నేరుగా సీఏ ఇంటర్‌కు రిజిస్టర్ అవ్వచ్చు. వేరే డిగ్రీలవాళ్ళకు అది 60. ఆఖరి ఏడాదిలో ఉండగానే తాత్కాలికంగా రిజిస్టర్ చేసుకునే వీలుంది కాబట్టి ఆ ఎనిమిది నెలలూ పూర్తిగా వృథా కావు. ఈ లెక్కన డిగ్రీ తర్వాత దాదాపు మూడున్నరేళ్ళు, మొత్తం ఆరున్నరేళ్ళు. మొదటి దారికంటే రెండు రెండున్నరేళ్ళు ఎక్కువ.

ఆ రెండేళ్ళు పెద్ద నష్టమని మా బంధువుల్లో చాలామంది అంటారు. నేను అలా అనుకోను. మొదటి దారిలో "ఏ పేపరూ పోకుండా" అన్న మాట ఉంది చూడండి, అది చాలా బరువైన మాట. ఒక గ్రూపు రెండు మూడు అటెంప్టులు పట్టడం మామూలు. ఒక పేపర్లో 60 గానీ ఆపైన గానీ వస్తే దానికి తర్వాతి మూడు అటెంప్టుల వరకు మినహాయింపు దొరుకుతుంది, అది కొంత ఊరట. అయినా పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒకటికి రెండుసార్లు తప్పితే ఇంట్లో వచ్చే టెన్షన్ వేరు. ఇరవై ఒక్కేళ్ళకు డిగ్రీ చేతిలో పెట్టుకుని తప్పితే అది వేరు. చేతిలో ఒక పట్టా ఉంటే చిన్న ఉద్యోగం చేసుకుంటూ మళ్ళీ రాయొచ్చు.

కాబట్టి ఎంఈసీ చదివి, లెక్కల్లో ధీమా ఉండి, ఇంట్లో నాలుగైదేళ్ళు సంపాదన అడగనివాళ్ళు ఇంటర్ అవ్వగానే మొదలుపెట్టండి, డిగ్రీ దూరవిద్యలో చేయండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడ్డవాళ్ళు, సీఈసీ నుంచి వచ్చి లెక్కల పేపరంటే జంకేవాళ్ళు, ఇంకా ఏ నిర్ణయానికీ రానివాళ్ళు రెగ్యులర్ బీకాం చేసి డైరెక్ట్ ఎంట్రీకి వెళ్ళండి. సీఈసీ వాళ్ళు ఫౌండేషన్ రాయలేరని కాదు. లెక్కల పేపరు ఆబ్జెక్టివ్, తప్పుకు పావు మార్కు పోతుంది. ఆ ఒక్క పేపరుకు మూడు నాలుగు నెలలు విడిగా కేటాయించుకోగలిగితే 40 తెచ్చుకోవడం సాధ్యమే.

మీకు ఇది నచ్చుతుందా?

దీనికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. ఇంటర్ ఫస్టియర్ కామర్స్ పుస్తకం తీసుకుని ముప్పై లావాదేవీలున్న లెక్క ఒకటి చిట్టా (జర్నల్) నుంచి అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) దాకా చేత్తో చేయండి. రెండు వైపులా కలవకపోతే, అప్పుడు చూసుకోండి మీ మనసెలా ఉందో.

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నాకు ట్రయల్ బ్యాలెన్స్ 180 రూపాయలు తేడా వచ్చింది. సాయంత్రం ఏడయింది. మా సీనియర్ గారు వచ్చి, "తొమ్మిదితో భాగించు" అన్నారు. 20 వచ్చింది, శేషం లేదు. "అయితే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయి, వెతుకు" అని వెళ్ళిపోయారు. పక్కపక్క అంకెలు అటూ ఇటూ మారితే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగింపబడుతుంది. అరగంట వెతికితే దొరికింది. కరెంటు ఖర్చు 4,750 అని ఉన్నదాన్ని ఆవర్జాలో (లెడ్జర్‌లో) 4,570 అని ఎక్కించాను. తొమ్మిదితో పోకపోతే తేడాని సగం చేసి ఆ అంకె కోసం చూడమని తర్వాత నేర్పారు, డెబిట్‌లో వేయాల్సింది క్రెడిట్‌లో వేస్తే తేడా రెట్టింపవుతుంది కాబట్టి. ఆ 180 దొరికినప్పటి సంతోషం నాకింకా గుర్తుంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ తేడా రానివ్వదు, కానీ తప్పు ఖాతాలో వేసిన మొత్తాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తనంతట చెప్పదు. వెతకడం మనమే వెతకాలి. అలా వెతకడం మీకు చిరాకు కాకపోతే ఈ చదువు మీది. చిరాకైతే మూడేళ్ళు బలవంతాన కూర్చోకండి, వేరే మంచి చదువులున్నాయి.

తెలుగు మీడియంలో ఇంటర్ చదివినవాళ్ళకు ఒక మాట. మీరు చిట్టా అన్నది అక్కడ జర్నల్, ఆవర్జా లెడ్జర్, అంకణా ట్రయల్ బ్యాలెన్స్, తరుగుదల డిప్రిసియేషన్, అనామతు ఖాతా సస్పెన్స్ అకౌంట్. విషయం మీకు వచ్చు, పేర్లే కొత్త. ఓ యాభై అరవై మాటలు నోటుబుక్కులో రెండు వరుసల్లో రాసుకుంటే మొదటి సెమిస్టర్ భయం సగం పోతుంది. ఆ భయంతోనే డిగ్రీ మానేసిన అమ్మాయి నాకు తెలుసు, అందుకే చెప్తున్నాను.

కాలేజీలు, ప్యాకేజీలు

గుంటూరు, విజయవాడ, హైదరాబాద్‌లలో డిగ్రీ, సీఏ కోచింగ్ కలిపి చెప్పే కాలేజీలు చాలా ఉన్నాయి. కొన్నిట్లో నిజంగా బాగా చెప్తారు. ఉదయం ఆరు నుంచి రాత్రి దాకా చదివించే క్రమశిక్షణ కొందరు పిల్లలకు కావాలి కూడా. కానీ చేరే ముందు ఒక ప్రశ్న గట్టిగా అడగండి: ఫౌండేషన్ పోతే మా పిల్లకు డిగ్రీ పాఠాలు ఎవరు చెప్తారు, ఎన్ని గంటలు చెప్తారు?

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నేను చేరింది అలాంటి చోటే. అప్పట్లో ఫౌండేషన్ బదులు సీపీటీ ఉండేది, 200కి 100 రావాలి. నాకు 96 వచ్చాయి. రెండోసారి కూడా పోయింది. ఆ తర్వాత మా సెక్షన్‌కు సరైన లెక్చరర్ రావడం మానేశాడు. కాస్ట్ అకౌంటింగ్ మేమే గైడు చూసి చదువుకున్నాం. వేరే కాలేజీకి మారదామని టీసీ అడిగితే మూడేళ్ళ ఫీజు మొత్తం కట్టి తీసుకెళ్ళమన్నారు. మా నాన్న ఎరువుల కొట్లో గుమాస్తా. అంత డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తాడు? అక్కడే పూర్తి చేశాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. మీ దగ్గర అడిగితే సరిచూసుకుని వెంటనే తిరిగివ్వమనండి. డిగ్రీ ఫీజుకూ కోచింగ్ ఫీజుకూ విడివిడిగా రసీదులు తీసుకోండి, కోచింగ్ ఫీజు వాయిదాల్లో కట్టండి. ఈ మూడూ మా నాన్నకు ఎవరూ చెప్పలేదు.

రెగ్యులర్ డిగ్రీకైతే పాత ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీలను చిన్నచూపు చూడకండి. భవనం పాతగా ఉండొచ్చు, కానీ ఎంకాం చేసి, పీహెచ్‌డీ చేసి, ఇరవయ్యేళ్ళుగా అకౌంట్స్ చెప్తున్నవాళ్ళు అక్కడే దొరుకుతారు. చేరే ముందు ఒక రోజు వెళ్ళి సెకండియర్ పిల్లలతో మాట్లాడండి. "కార్పొరేట్ అకౌంటింగ్ ఎవరు చెప్తారు, బోర్డు మీద లెక్కలు చేయిస్తారా" అని అడగండి. కాలేజీ బ్రోచర్ మొత్తం చదివినా తెలియనిది ఈ ఒక్క జవాబుతో తెలుస్తుంది. తెలంగాణలో 2016 నుంచి దోస్త్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఓఏఎండీసీ ద్వారా ఆన్‌లైన్‌లోనే సీట్లు ఇస్తున్నారు. వెబ్ ఆప్షన్లు మీరే, మీ ఫోన్లోనే పెట్టుకోండి. ఏ కాలేజీ పీఆర్వో చేతికీ ఓటీపీ ఇవ్వకండి.

దూరవిద్య అయితే ఇగ్నో ఉంది, తెలంగాణవాళ్ళకు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో మొదలైన ఆ వర్సిటీ దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఏ వర్సిటీ అయినా ఆ ఏడాదికి, ఆ కోర్సుకు యూజీసీ గుర్తింపు ఉందో లేదో వాళ్ళ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో చూశాకే డబ్బు కట్టండి. వీధి చివర స్టడీ సెంటర్ బోర్డు చూసి కట్టొద్దు.

సీఏ కాకుండా

సీఎంఏని మన దగ్గర తక్కువగా చూస్తారు, అది తప్పు. ఫ్యాక్టరీలో ఒక బస్తా సిమెంటుకు, ఒక టన్ను ఉక్కుకు ఎంత ఖర్చయిందో తేల్చే చదువు అది. డిగ్రీ ఉంటే ఫౌండేషన్ లేకుండా నేరుగా ఇంటర్‌లో చేరొచ్చు. జూన్‌లో, డిసెంబరులో పరీక్షలు, శిక్షణ పదిహేను నెలలు. ప్రభుత్వ రంగ సంస్థల ఫైనాన్స్ పోస్టులు చాలావాటికి సీఏ లేదా సీఎంఏ అనే అడుగుతారు. నోటిఫికేషన్ తీసి చూడండి.

ఒకటి గుర్తుంచుకోండి. అమెరికా సంస్థ ఇచ్చే సీఎంఏ వేరే ఉంది, రెండే భాగాలు. రెండిటికీ పేరు ఒకటే కావడంతో పొరబడేవాళ్ళున్నారు. ఏసీసీఏ అనే అకౌంటింగ్ కోర్సు ఇంగ్లండు సంస్థది, పదమూడు పేపర్లు, బీకాం ఉంటే కొన్నిటికి మినహాయింపు, ఫీజు పౌండ్లలో. హైదరాబాద్‌లోని విదేశీ కంపెనీల ఆఫీసుల్లో, గల్ఫ్‌లో దానికి విలువుంది. మన దేశంలో కంపెనీ ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టే హక్కు మాత్రం ప్రాక్టీసులో ఉన్న సీఏకే. లెక్కలకంటే చట్టం ఇష్టమైతే కంపెనీ సెక్రటరీ కోర్సు చూడండి.

ఇవేవీ వద్దు, బీకాం చాలు అనుకునేవాళ్ళు తక్కువవాళ్ళేమీ కాదు. రెండో ఏడాది సెలవుల నుంచి ఊళ్ళో ఏదైనా ఆడిటర్ ఆఫీసులో కూర్చోండి, జీతం లేకపోయినా సరే. నెల పదో తారీఖు నుంచి ఇరవయ్యో తారీఖు దాకా అక్కడుంటే జీఎస్టీ అంటే ఏంటో అర్థమవుతుంది. పదకొండున అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 రిటర్ను, ఇరవైన పన్ను లెక్క తేల్చే 3బీ రిటర్ను. బట్టల కొట్టాయన సంచీనిండా బిల్లులు తెచ్చి బల్ల మీద గుమ్మరిస్తే, వాటిని తేదీలవారీగా పేర్చి, కొనుగోళ్ళు వేరు, అమ్మకాలు వేరు చేసి, పోర్టల్లో కనిపించేదానితో సరిచూసే ఆ నాలుగు రోజులు మూడు సెమిస్టర్ల పాఠం. నేను అలాగే నేర్చుకున్నాను. ఈరోజు అకౌంట్స్ మేనేజర్ కుర్చీలో కూర్చున్నానంటే ఆ బల్ల దగ్గర గడిపిన రెండు వేసవులే కారణం.

పుస్తకాల విషయంలో ఒక జాగ్రత్త. సీనియర్ల దగ్గర ఫైనాన్షియల్ అకౌంటింగ్, కాస్టింగ్ పాతవి తీసుకోవచ్చు. ఇన్‌కమ్ ట్యాక్స్ మాత్రం పాతది వద్దు. 1961 నాటి చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. సెక్షన్ల నంబర్లు మారాయి, అసెస్‌మెంట్ ఇయర్ అనే మాటే పోయి ట్యాక్స్ ఇయర్ వచ్చింది. జీఎస్టీ రేట్లు కూడా 2025 సెప్టెంబరులో మారాయి. అది కూడా కొత్తదే కొనండి.

మా చెల్లెలి కూతురితో ఇదంతా రెండు సాయంత్రాలు మాట్లాడాను. వాళ్ళింట్లో తమ్ముడు పదో తరగతికి వచ్చాడు, రీయింబర్స్‌మెంట్ వదులుకునే పరిస్థితి లేదు. డైరెక్ట్ ఎంట్రీ దారే తనకు కుదురుతుందని తనే అంది. ఫస్టియర్ నుంచే సెమిస్టర్ మార్కులు రాసుకుంటూ పోతానంది, 55 కింద పడకుండా. వెబ్ ఆప్షన్ల రోజు స్క్రీన్ ఫొటో పంపింది. మొదటి మూడూ బీకాం జనరల్, ముగ్గురు సీనియర్లను అడిగి ఎంచుకున్న కాలేజీలు. నాలుగోది బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్. "అది నాన్న కోసం పెద్దమ్మా" అని కింద రాసింది.